ఉగ్గుగిన్నెడు ప్రేమ

ప్రేమకు కొలత యున్నదా? ఎవరైన ఈ ప్రశ్న అడిగినయెడల మనలో పెక్కుమంది లేదనియే చెప్పుదురు. కొలిచి ఇచ్చునది బేరమనియు, కొలవక ఇచ్చునది ప్రేమయనియు మనము తలంచుచున్నాము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి ఈ తలంపు మరి సహజము. కృష్ణ కాలువల నీటితో పండు వరిచేల నడుమ మన ఊళ్లున్నవి. ఇంటికి వచ్చిన చుట్టము చాలు చాలునని విస్తరిమీద చేయి అడ్డము పెట్టినను, ఆ చేతి ప్రక్కనుండి మరియొక గరిటె వడ్డించుట మన మర్యాద. పెట్టినది ఎంత ఎక్కువైన అంత ప్రేమ యని మన లెక్క.

అయితే ఈ లెక్క చెల్లని స్థలము ఒకటి కలదు. అచ్చట ప్రేమను చుక్కలలో కొలుతురు. కొలతకు మించి పెట్టినను ప్రాణమునకు అపాయమే, కొలతకు తగ్గించి పెట్టినను ప్రాణమునకు అపాయమే. అది నెలలు నిండకముందే పుట్టిన పసికందులను కాపాడు ఆసుపత్రి గది. ఈ మాసము ఆ గదిలో జరుగు ఒక్క పనిని, అనగా ఆ బిడ్డలకు ఆహారమిచ్చు పనిని, మనము కలిసి ఆలోచింతము. అది వైద్యులు మాత్రమే తెలిసికొనవలసిన సంగతి యని మీరు అనుకొనవచ్చును. కాని మన ఆత్మలకు కావలసిన పాఠమొకటి అందులో నున్నది.

బిడ్డ తల్లి గర్భములో సుమారు 40 వారములు పెరుగును. 28 వారములైనను నిండకముందే పుట్టిన బిడ్డలు అందరికన్న దుర్బలులు. 24, 25 వారములలో పుట్టిన బిడ్డ సాధారణముగా 600 మొదలు 800 గ్రాముల వరకు తూగును. మన ఇండ్లలో బియ్యము కొలుచు చిన్న డబ్బాలో పట్టు గింజలంత బరువు అది. ఆ బిడ్డకు చన్ను పట్టి చీకు శక్తి లేదు. చీకుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట అను మూడు పనులను ఒకదానితో నొకటి పొందించు నేర్పు 34వ వారము దగ్గర గాని రాదు.

ఇంతకన్న పెద్ద నష్టము మరియొకటి యున్నది. గర్భవాసపు చివరి మూడు నెలలు బిడ్డకు కోతకాలము వంటివి. రైతు గాదె నింపుకొనునట్లు, ఎముకలకు వలయు కాల్షియమును, రక్తమునకు వలయు ఇనుమును, ఒంటికి వెచ్చదనమిచ్చు కొవ్వును బిడ్డ ఆ నెలలలోనే తల్లియొద్దనుండి నింపుకొనును. నిండు నెలల బిడ్డ ఎముకలలో నుండు కాల్షియములో సుమారు ఐదింట నాలుగు వంతులు ఆ మూడు నెలలలో చేరినదే. ముందుగా పుట్టిన బిడ్డ కోతకు ముందే కళ్లము విడిచి వచ్చినవాడు. వాని గాదె వట్టిది. అయినను అందరికన్న వేగముగా పెరుగవలసిన కాలము వానికి అదే.

ఇట్టివానికి ఆహారమెట్లు పెట్టుదురు? మన తెనాలిని ఆంధ్రా పారిస్ అని ముద్దుగా పిలుచుకొందుము గదా. అసలు పారిస్ నగరములో 1880 తరువాతి సంవత్సరములలో టార్నియే అను కాన్పుల వైద్యుడు నెలలు తక్కువ బిడ్డలను వెచ్చని పెట్టెలలో నుంచి, సన్నని గొట్టముతో కడుపులోనికి పాలు పోయు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. 1968లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వైద్యులు, ప్రేగు పనిచేయని యొక శిశువును రక్తనాళము ద్వారానే పోషకములన్నియు ఎక్కించి పెంచిన సంగతి ప్రకటించిరి. నేటి గదులలో ఈ రెండు మార్గములును కలిసి నడచుచున్నవి. మొదటి దినములలో చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు నరములోనికి ఎక్కింతురు. దానితోపాటు గొట్టము ద్వారా తల్లిపాలు పోయుదురు. ఎంత పోయుదురో ఆలకించుడి. కిలో బరువునకు దినమునకు 10 మొదలు 20 మిల్లీలీటర్లు. 700 గ్రాముల బిడ్డకు లెక్కవేసినయెడల దినమంతటికి 7 మొదలు 14 మిల్లీలీటర్లు. రెండు గంటల కొకసారి పోసినయెడల పూటకు అర మిల్లీలీటరు మొదలు ఒకటికి కొంచెము పైన.

ప్రియ చదువరీ, మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె మీకు జ్ఞాపకమున్నదా? అట్టి గిన్నె ఆ బిడ్డకు కొన్ని దినములు సరిపోవును! ఆ అర మిల్లీలీటరు వాని ఆకలి తీర్చుటకు కాదు. నిద్రించుచున్న ప్రేగును మెల్లగా మేల్కొల్పుటకు అది పంపబడినది. తాళుచున్నాడని కనుగొన్న తరువాత దినదినము కొంచెము హెచ్చింతురు. తొందరపడి ఒక్కసారిగా హెచ్చించినను, పోతపాలు పోసినను, ప్రేగు గోడ వాచి చచ్చిపోవు భయంకరమైన జబ్బు వచ్చునను భయము వెంటనే యుండును. తల్లిపాలు త్రాగు బిడ్డలలో ఆ జబ్బు డబ్బాపాలు త్రాగు బిడ్డలకన్న చాల తక్కువయని ఎన్నో సంవత్సరముల పరిశీలనవలన తేలినది.

ఇక్కడ భక్తిగల హృదయములో ఒక సందేహము పుట్టవచ్చును. దేవుడిచ్చిన తల్లిపాలు బిడ్డకు చాలవా? వాటిలో మరేమైన కలుపుట దేవుని పనిని దిద్దినట్లు కాదా? ఈ సందేహమును త్రోసివేయక విచారింతము. కిలో బరువునకు దినమునకు 160 మిల్లీలీటర్ల చొప్పున పాలు పోసినను, అందలి మాంసకృత్తులు సుమారు గ్రామున్నరకు మించవు. ఆ బిడ్డ గర్భములో పెరిగినట్లు పెరుగవలెనన్న మూడున్నర మొదలు నాలుగు గ్రాములు కావలెను. నెలలు తక్కువ బిడ్డను కన్న తల్లి పాలలో మొదటి దినములలో మాంసకృత్తులు కొంత హెచ్చుగానే యుండును. దేవుని ముందుచూపును చూడుడి! అయినను కొన్ని వారములలో ఆ హెచ్చు తగ్గిపోవును. కాల్షియమును, ఫాస్ఫరసును, ఇనుమును, డి విటమినును ఇట్లే చాలవు. కాబట్టి వైద్యులు ఫోర్టిఫయర్ అను పొడిని తల్లిపాలలోనే కొలిచి కలుపుదురు. 32 వారములకు ముందు గాని, కిలోన్నరకు తక్కువగా గాని పుట్టి తల్లిపాలు త్రాగు బిడ్డలకు దీనిని కలుపుట ఆలోచింపదగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పినది. తల్లిపాలు త్రాగుచు ఇనుము వేరొక విధముగా అందని నెలలు తక్కువ బిడ్డలకు ఇనుపచుక్కలు వేయవలెననియు చెప్పినది.

ఇది తల్లిపాలను దిద్దుట కాదు. తల్లిపాలు సమయమునకు పుట్టిన బిడ్డకు చక్కగా తగినవి. ఈ బిడ్డ ఇంకను బొడ్డుత్రాడు ద్వారా పోషింపబడవలసినవాడు. తెగిపోయినది ఆ త్రాడు. ఆ చిటికెడు పొడి పాలలోని లోటును గాక, త్రాడులోని లోటును తీర్చుచున్నది. అరణ్యములో ప్రభువు జనసమూహమునకు పెట్టినప్పుడు, ఆ చిన్నవాని రొట్టెలను ప్రక్కకు నెట్టివేయలేదు. వాటినే చేతపట్టుకొని కృతజ్ఞతలు చెల్లించి సరిపోవునట్లు చేసెను. ఉన్నదానిని గౌరవించి, లేనిదానిని చేర్చుట ఆయన మార్గము.

ప్రార్థన చాలదా యని అడుగువారును కలరు. వారు యాయీరు కుమార్తె సంగతి చదువవలెను. చనిపోయిన చిన్నదానిని ప్రభువు ఒక్క మాటతో లేపెను. అంతటి అద్భుతము జరిగిన పిమ్మట ఆయన ఇచ్చిన ఆజ్ఞ యేమి? ఆ పిల్లకు తినుటకు ఏదైన పెట్టుమనియే గదా. ప్రాణమిచ్చినవాడే ఆహారమును జ్ఞాపకము చేసెను. ఆనందములో తలిదండ్రులు మరచిన సంగతి ఆయన మరువలేదు.

అట్లయిన, మంచిదని తోచిన ప్రతిదానిని ఆ బిడ్డకు పోయవచ్చునా? ఇక్కడనే మన విస్తరి లెక్క తప్పిపోవుచున్నది. 1940 మొదలు పది సంవత్సరములకు పైగా ధనిక దేశములలో నెలలు తక్కువ బిడ్డలకు ప్రాణవాయువును ధారాళముగా ఇచ్చిరి. ఊపిరికి మంచిదైనది ఎంత ఇచ్చినను మంచిదే యనుకొనిరి. వేలకొలది బిడ్డలు చూపు పోగొట్టుకొనిరి. హద్దులేని ప్రాణవాయువే దానికి కారణమని 1950 తరువాత జరిగిన పరీక్షలలో గాని రూఢి కాలేదు. 1984లో అమెరికాలో ఇట్టి బిడ్డల నరములలోనికి ఎక్కించుటకై తగిన పరీక్ష లేకుండ అమ్మబడిన ఒక ఇ విటమిను మందు 38 మంది శిశువుల మరణముతో ముడిపడి, ఆ ఏటనే వెనుకకు తీసికొనబడినది. ఆ మందు ఎక్కించిన చేతులలో ద్వేషము లేదు. మేలు చేయవలెనను కోరికయే యున్నది. కోరిక యున్నది గాని కొలత లేకపోయినది.

మరియొక సంగతి వినుడి. చేపనూనెలో నుండు డి.హెచ్.ఏ. అను కొవ్వు ఈ బిడ్డల ఊపిరితిత్తులను కాపాడునని కొందరు వైద్యులు నమ్మిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, సింగపూరు ఆసుపత్రులలో 29 వారములకు ముందు పుట్టిన 1,273 మంది బిడ్డలతో పరీక్ష జరిపి 2017లో ఫలితము ప్రకటించిరి. ఊపిరితిత్తులకు మేలు కలుగలేదు, కీడు కొంత హెచ్చినదేమో యనియు తోచెను. అయితే వారిలో కొందరిని ఐదేండ్ల ప్రాయమున మరల పరీక్షింపగా, ఆ కొవ్వు పొందిన పిల్లల తెలివి కొంచెము మెరుగుగా నున్నదని 2022లో తెలియవచ్చెను. మనము ఒకచోట మేలు కోరి వేసిన విత్తనము అచ్చట ఎండి, మరియొకచోట మొలచును. కావున మేలు చేయువానికి దయతోపాటు వినయమును ఉండవలెను. నా ప్రేమ గొప్పది గనుక నేను పెట్టునది మంచిదే యని ఎవడును అనుకొనరాదు.

అమ్మమ్మలారా, నాయనమ్మలారా, ఈ మాట మీతో గౌరవముగా చెప్పుచున్నాను. బిడ్డ పుట్టగానే నాలుకమీద తేనె రాయుట, ఆముదము పట్టుట, వసకొమ్ము అరగదీసి నాకించుట, గ్రైప్ వాటర్ పోయుట మన ఇండ్లలో ప్రేమతో జరుగు పనులే. నిండు నెలల బిడ్డకే ఇవి తగవని వైద్యులు చెప్పుచుండగా, ఇంటికి తెచ్చిన నెలలు తక్కువ బిడ్డకు ఇవి ఎంత అపాయకరములో యోచించుడి. మీ చేతులు ఊరకుండవలెనని నేను చెప్పుట లేదు. బాలింతకు వేళకు అన్నము పెట్టుడి. బిడ్డను తల్లి రొమ్మున ఆనించి వెచ్చగా కట్టుటకు సాయపడుడి. రాత్రివేళ పాలు పిండుటకు లేచిన కోడలితోపాటు మీరును లేవుడి. అది తేనెకన్న తియ్యని ప్రేమ.

ఎక్కువ పెట్టుట ఒక తప్పు. తక్కువ పెట్టుట రెండవ తప్పు. అది మరింత నెమ్మదిగా మాటలాడును. ఈ బిడ్డ నిలుచునా? నిలిచినను బాగుపడునా? అప్పుచేసి ఇంత కర్చు పెట్టనేల? ఆడపిల్లయే గదా! ఇట్టి మాటలు ఆసుపత్రి వసారాలలో వినబడుచున్నవి. దేవుని చిత్తమను పేరున ఈ మాటలు పలుకువారును కలరు. పేదరికపు భయముతో పలుకువారిని మనము నిందింపరాదు, వారికి తోడు నిలువవలెను. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రులలో జబ్బుపడిన శిశువుకు వైద్యమును, మందులును, ప్రయాణమును ఉచితమని వారికి తెలియజెప్పవలెను. కాని చిన్నది గనుక విలువ లేనిదను మాటను మాత్రము సంఘము ఒప్పుకొనరాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1898లో అచ్చట స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచిరి. ప్రాణము విలువ బరువునుబట్టి యుండదని మన ప్రాంతమునకు అట్టివారు క్రియలతో బోధించిరి. గర్భములో ఇంకను రూపము పొందని దానిని సహితము చూచు కన్నులు గల దేవుని మనము కొలుచుచున్నాము. ఆయన చూచినదానిని మనము చూడనట్లు నటింపవచ్చునా?

అయితే మరియొక సత్యమును దాచరాదు. ఎంత చేసినను కొందరు బిడ్డలు నిలువరు. ఇక ఈ సూదులును గొట్టములును బాధయే గాని మేలు కాదని వైద్యులు కన్నీటితో చెప్పు దినము కొందరు తలిదండ్రులకు వచ్చును. ఆ దినమున చేయదగినదంతయు చేయుటయనగా మరియొక మందు ఎక్కించుట కాకపోవచ్చును. బిడ్డను తల్లి ఒడిలో నుంచి, పెదవులను ఆమె పాలచుక్కతో తడిపి, నొప్పి లేకుండ చూచుకొని, పేరు పెట్టి ప్రభువు చేతికి అప్పగించుటయే కావచ్చును. అదియు ప్రేమయే. దానికిని కొలత యున్నది. అట్టి తలిదండ్రులను చూచి మీ విశ్వాసము చాలలేదని ఎవడును పలుకకుండును గాక. అది కొలత యెరుగని మాట.

ఇప్పుడు ఆ తల్లిని గూర్చి ఆలోచింతము. రేపల్లె దగ్గర పల్లెలోనో, బాపట్ల సముద్రతీరపు ఊరిలోనో ఆరవ నెలలో కాన్పైన స్త్రీని తలంచుడి. బిడ్డను గుంటూరుకో విజయవాడకో పంపవలసివచ్చినప్పుడు, ఆపరేషనైన తల్లి ఒక ఊరిలో, బిడ్డ వేరొక ఊరిలో నుండుట కలదు. ఆ బిడ్డకు కావలసిన మొదటి ఔషధము ఆమె ముర్రుపాలు. అవి కొన్ని చుక్కలే యైనను అమూల్యములు. మొదటి దినమునుండి రేయింబగళ్లు ఎనిమిది సారులకు తగ్గకుండ పిండిననే పాలు నిలుచును. రొమ్మున బిడ్డ లేకుండ, రోదన వినబడకుండ, రాత్రి రెండు గంటలకు లేచి ఒంటరిగా పాలు పిండు తల్లి దుఃఖము ఎంతటిదో! పిండిన పాలను శుభ్రమైన గిన్నెలో నుంచి, నర్సమ్మ చెప్పినట్లు చల్లని పెట్టెలో భద్రపరచి, రేపల్లె రైలులో తెనాలి చేరి, అచ్చటనుండి ముందుకు ఎవరు కొనిపోవుదురు? ప్రియ చదువరీ, ఇది సంఘమునకు దేవుడిచ్చిన పని కాదా? మోషే తల్లి తన బిడ్డకు పాలిచ్చుటకు దాసినవలె పిలువబడవలసివచ్చెను. నడుమ నిలిచి పరుగెత్తిన చిన్న అక్క మిర్యాము లేనియెడల ఆ పాలు ఆ బిడ్డకు అందకపోయెడివి. మన సంఘములలో మిర్యాములు ఎందరు?

పాలు చాలని తల్లులకు ఇతర తల్లులు ఇచ్చిన పాలను శుద్ధిచేసి ఉంచు పాలనిధులును కలవు. మన దేశములో మొదటిది 1989లో బొంబాయిలోని సయన్ ఆసుపత్రిలో ఆరంభమాయెను. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి యను పాలనిధి ఏర్పడెను. ఎవరో తెలియని తల్లి, ఎన్నడును చూడబోని బిడ్డకు, తన బిడ్డ త్రాగగా మిగిలిన పాలు ఇచ్చుచున్నది. పేరు లేని దానము ఇదే గదా. కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియకుండవలెనన్న ప్రభువు ఉపదేశమును ఇంతకన్న తేటగా నెరవేర్చు స్థలమేది?

కాబట్టి మన మొదటి ప్రశ్నకు మరల వత్తము. ప్రేమకు కొలత యున్నదా? ఉన్నది. అయితే అది ఇచ్చువాని పిసినారితనపు కొలత కాదు, పుచ్చుకొనువాని శక్తిని చూచిన కొలత. యాకోబు తన అన్న ఏశావును కలిసినప్పుడు, నీతోకూడ వేగముగా నడువలేనని చెప్పెను. పిల్లలు పసివారు, పాలిచ్చు మందలు వెంట నున్నవి, ఒక్కదినము తొందరగా తోలినను అవి చచ్చునని అతడెరుగును. అతడు బలహీనుల అడుగులనుబట్టి తన అడుగు కొలుచుకొనెను. కొరింథీయులకు పౌలు తనకు తెలిసినదంతయు ఒక్కసారిగా బోధింపలేదు. వారు తాళగలిగినంతయే, పాలవలె, అందించెను. అరణ్యములో మన్నా సహితము ఎవని అక్కరకొలది వానికి కొలవబడెను. దురాశతో మరునాటికి దాచినది పురుగుపట్టెను.

అట్లయిన మన ఇండ్లలో, సంఘములలో, పాఠశాలలలో మనమెట్లు వడ్డించుచున్నాము? క్రొత్తగా విశ్వసించినవానిమీద ఒక్క దినమున అన్ని ఆజ్ఞలను మోపి, అతడు వెనుదీసినప్పుడు అతనినే నిందించుచున్నామా? దుఃఖములో నున్నవానికి ఒక చుక్క ఓదార్పు చాలినచోట ఉపదేశపు కుండలు కుమ్మరించుచున్నామా? లేక బలహీనుని చూచి, వీడు నిలుచువాడు కాడని చుక్కైనను పోయక తలుపు మూయుచున్నామా? రెండును ఒకే పాపము. రెండింటిలోను మనము ఎదుటివానిని చూచుట లేదు.

ఆ గదిలోని నర్సమ్మను చూడుడి. రెండు గంటలకొకసారి సిరంజిలో గీతవరకు పాలు తీసి, గొట్టమునకు తగిలించి, తోయక, పాలు తమంతట తామే దిగువరకు చేయి ఎత్తి నిలుచుండును. బిడ్డ కడుపు ఉబ్బినదా, ఊపిరి తడబడినదా యని చూచును. నిన్నటికన్న ఒక గీత హెచ్చినదని వ్రాసికొనును. ఆ గీతను చూచి తల్లి రాజ్యము దొరికినట్లు సంతోషించును. కొన్ని వారములకు ఆ బిడ్డ ఉగ్గుగిన్నెతో త్రాగును. మరికొన్ని వారములకు తల్లి రొమ్ము పట్టును. మనలను పోషించు దేవుడును ఇట్లే చేయి ఎత్తి ఓపికతో నిలుచున్నాడని నేను నమ్ముచున్నాను. ఆయన యొద్ద సముద్రమంత కృప యున్నను, మన నోటికి పట్టునంతయే పోయుచున్నాడు.

మన పొరుగువాని అక్కరను చూచు కన్నును, వాని శక్తిని ఎరుగు జ్ఞానమును, చుక్కవెంబడి చుక్క పోయుటకు విసుగని చేతిని ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఈ రాత్రి కృష్ణాతీరపు ఊళ్లలో నెలలు నిండక పుట్టిన ప్రతి బిడ్డను, ఆ బిడ్డకొరకు మేల్కొనియున్న ప్రతి తల్లిని ఆయన తన రెక్కల నీడలో భద్రపరచును గాక. ఆమేన్.